గొంతుకు వారం గడువు

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు రావడం మొదలైందంటే జిల్లాలో గొంతు నొప్పులూ మొదలైనట్టే. పగలంతా ఎండ, పొద్దుగూకితే ఒణికించే చలి. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల గాలి నిండా పత్తి నూగు. డిసెంబరు, జనవరి నెలల్లో సిర్పూర్-యు, అర్లి-టి లాంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు పడిపోయిన ఏళ్లున్నాయి. ఆ చలికి తలుపులు బిగించుకుని ఒకే అర్రలో నలుగురైదుగురు పడుకుంటే, ఒకరి సర్ది వారం తిరక్కుండా ఇంటిల్లిపాదికీ చుట్టుకుంటుంది. కరీంనగర్ వైపు ఈ చలికి తోడు వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తూర్పారబట్టే దుమ్ము, గ్రానైట్ క్వారీల పొడి, గోదావరిఖని దిక్కున బొగ్గు నుసి.

ఇంత మామూలు జబ్బుకు ఒక అధ్యాయం అవసరమా అని అడగవచ్చు. అవసరమే. గొంతు నొప్పి వచ్చిన వందల మంది అక్కర్లేని మందులు మింగుతున్నారు. నిజంగా మందు కావలసిన కొద్దిమంది దాన్ని సగంలో ఆపేస్తున్నారు. ఈ రెండు తప్పులకూ వేరు ఒకటే, తొందర. 

ఏ ఊళ్లో ఏ మందుల దుకాణం ముందు కాసేపు నిలబడ్డా ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

"బిడ్డా, గొంతు మస్తు నొస్తున్నది. ఉమ్మి సుత మింగస్తలేదు. రెండు గోలీలియ్యి."

"జరం ఉన్నదా అవ్వా?"

"రాత్రి ఒళ్లు కాలింది. రేపు పత్తి ఏరబోవాలె. జల్ది తగ్గేటియి ఇయ్యిరాదు."

ఆ అవ్వ తొందరను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పత్తి ఏరే కాలం కొద్ది వారాలే. ఒక రోజు ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. కానీ ఆమె చేతిలో పడే పొట్లంలో ఏముంటుందో చూడండి. ఒక అజిత్రోమైసిన్, ఒక నొప్పి గోలీ, ఒక గ్యాస్ గోలీ, చాలాసార్లు వాటి మధ్య ఒక చిన్న స్టెరాయిడ్ గోలీ. పల్లెలో ఆర్ఎంపీ దగ్గరికి పోతే డెక్సా అనే స్టెరాయిడ్ సూది, దాంతోపాటు ఒక సెలైన్ సీసా. తెల్లారేసరికి గొంతు తేలికపడుతుంది. వాపును అణిచింది స్టెరాయిడ్, పేరు మాత్రం యాంటీబయాటిక్‌కు పోతుంది. మరోసారి గొంతు నొచ్చినప్పుడు "మొన్న ఇచ్చిన గోలీలే ఇయ్యి" అని మళ్లీ అదే పొట్లం అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ సూదితో రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకుతుంది. అయినా ఆ రెండింటినీ ముడిపెట్టి చూసేవాళ్లు తక్కువ.

జ్వరం కూడా ఉంటే వైడల్ పరీక్ష రాస్తారు. "టైఫాయిడ్ ఉంది" అని కాగితం వస్తుంది, వారం రోజుల సెలైన్లు నడుస్తాయి. ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్ముకుని టైఫాయిడ్ అని తేల్చడానికి లేదు. గొంతు నొప్పితో వచ్చిన జ్వరానికి ముందు చూడవలసింది గొంతునే.

గొంతు ఎందుకు నొస్తుంది

పెద్దవాళ్లలో పది మందికి గొంతు నొప్పి వస్తే దాదాపు తొమ్మిది మందికి కారణం వైరస్. జలుబు తెచ్చే వైరస్‌లు, ఫ్లూ, కరోనా, ఇలా చాలా రకాలు. వీటి మీద ఏ యాంటీబయాటిక్ కూడా పని చేయదు. బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పుల్లో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్. బడి ఈడు పిల్లల్లో పది గొంతు నొప్పులకు రెండు మూడు దీనివల్ల వస్తాయి, పెద్దవాళ్లలో అంతకన్నా తక్కువ.

వైరస్ నొప్పికి ఒక నడక ఉంటుంది. మొదటి రోజు గరగర, రెండు మూడు రోజులు మంట, మింగుదామంటే ముల్లు గుచ్చినట్టు. ఆ తర్వాత ముక్కు కారడమో దగ్గో మొదలై, గొంతు మెల్లగా సర్దుకుంటుంది. గొంతు నొప్పిలో యాంటీబయాటిక్‌ల మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పిన లెక్క గుర్తుంచుకోదగ్గది. యాంటీబయాటిక్ ఏదీ వేసుకోనివాళ్లలో కూడా నూటికి 80 మందికి పైగా వారంలోపే పూర్తిగా తేరుకున్నారు. యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకు బాధ సగటున 16 గంటలు ముందు తగ్గింది. మాత్రల ఖర్చు, విరేచనాలు, ముందు ముందు మందు పని చేయకుండా పోయే ప్రమాదం, వీటన్నిటికీ బదులుగా మనకు దక్కేది ఒక పూటన్నర.

అందుకే గొంతుకు వారం గడువివ్వమంటున్నాను. ఆ వారంలో చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. చూడవలసినవి, చేయవలసినవి ఉన్నాయి. అసలు గడువే ఇవ్వకూడని గొంతులు కొన్ని ఉన్నాయి, వాటినీ తెలుసుకోవాలి.

ముందు గొంతులోకి చూడండి

ఇంటి పెద్దలు ఎవరైనా నేర్చుకోగలిగిన పని ఇది. పిల్లవాణ్ని పొద్దుటి వెలుతురుకు ఎదురుగా వాకిట్లో కూర్చోబెట్టండి. సెల్‌ఫోన్ టార్చి చాలు. చెంచాను కడిగి, కాడను నాలుక ముందు భాగం మీద పెట్టి కిందికి నొక్కండి. మరీ లోపలికి పెడితే ఓకరింత వస్తుంది. "ఆ..." అనమనండి. నడుమ వేలాడుతూ కనిపించేది కొండనాలుక. దానికి రెండు పక్కలా గోడల్లో ఒదిగి ఉన్న ముద్దలు టాన్సిళ్లు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకసారి చూసి పెట్టుకుంటే, జబ్బు చేసినప్పుడు తేడా ఇట్టే పట్టుకోవచ్చు. చిన్నపిల్లల టాన్సిళ్లు మామూలుగానే పెద్దగా ఉంటాయి, దానికి కంగారు పడకండి.

లోపలంతా ఎర్రగా ఉండి, ముక్కు కారుతూ, దగ్గు ఉంటే అది దాదాపుగా వైరసే. చిన్న చిన్న పొక్కులు, పుళ్లు కనిపించినా అంతే. టాన్సిళ్లు ఉబ్బి, వాటి మీద తెల్లగానో పసుపుపచ్చగానో చీము చుక్కలుంటే స్ట్రెప్టోకాకస్‌ను అనుమానించాలి. కొండనాలుక ఒక పక్కకు నెట్టినట్టుగా ఉండి, అవతలి వైపు టాన్సిల్ ముందుకు పొడుచుకొస్తే అక్కడ చీము గడ్డ కట్టిందని అర్థం. బూడిద రంగు పొర పరుచుకుని ఉంటే దాన్ని గీకడానికి ప్రయత్నించకండి. దాని సంగతి చివర చెప్తాను.

తర్వాత మెడ చూడండి. దవడ కింద, మెడ ముందు వైపున వేళ్ల కొసలతో తడమండి. బిళ్లలు కట్టి, ముట్టుకుంటే నొస్తున్నాయా?

1981లో అమెరికా వైద్యుడు రాబర్ట్ సెంటార్ ఈ పరిశీలనకు ఒక లెక్క కట్టారు. ఇప్పటికీ ప్రపంచమంతటా డాక్టర్లు దాన్నే వాడుతున్నారు. నాలుగు ప్రశ్నలు: జ్వరం ఉందా? దగ్గు లేకుండా ఉందా? మెడ బిళ్లలు నొస్తున్నాయా? టాన్సిళ్ల మీద చీము ఉందా? అవును అన్నదానికల్లా ఒక మార్కు. మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఒక మార్కు కలపాలి, 45 దాటినవారికి ఒకటి తీసేయాలి అని తర్వాత సవరించారు. సున్నా, ఒకటి వస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండొస్తే డాక్టరుకు ఒకసారి చూపించండి. మూడు, ఆపైన వస్తే ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఇందులో దగ్గు సంగతి మన ఆలోచనకు ఎదురుగా ఉంటుంది. దగ్గు, జలుబు కూడా ఉంటే జబ్బు ముదిరిందని అనుకుంటాం గదా, నిజానికి దగ్గు ఉండటం స్ట్రెప్ కాదనడానికే ఒక గుర్తు.

గొంతు నుంచి గుండెకు

స్ట్రెప్ గొంతు నొప్పి కూడా చాలాసార్లు వారంలో దానంతటదే పోతుంది. మరి దానికి మందు ఎందుకు? గొంతు కోసం కన్నా గుండె కోసం.

ఆశ్రమ పాఠశాలలో చదివే పదేళ్ల పిల్ల సంగతి తీసుకోండి. ఒకే హాలులో పదుల మంది పడుకుంటారు. ఒకరి తుంపర్లు మరొకరి మీద పడకుండా ఎలా ఉంటాయి? పిల్లకు గొంతు నొచ్చింది, రెండు రోజులు జ్వరం కాసింది, పోయింది. రెండు మూడు వారాల తర్వాత మోకాలు వాచింది. అది తగ్గుతుండగా మడమ కీలు వాచింది. దసరా సెలవులకు ఇంటికి వస్తే "ఎదిగే పిల్ల, కాళ్లు గుంజుతయి" అని నూనె రాశారు. అదీ పోయింది. పదేళ్ల తర్వాత పెళ్లై, కడుపుతో ఉన్నప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. అప్పుడు తెలుస్తుంది, గుండె కవాటం ఎప్పుడో మూసుకుపోవడం మొదలైందని.

ఇది రుమాటిక్ జ్వరం చేసే పని. స్ట్రెప్ బాక్టీరియాను ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసిన ఆయుధాలు పొరబడి తన కీళ్ల మీద, గుండె కవాటాల మీదే పడతాయి. కీళ్లు మళ్లీ మామూలవుతాయి, కవాటాలు కావు. అయిదేళ్ల నుంచి పదిహేనేళ్ల వయసులో ఇది ఎక్కువ. ఇరుకిళ్లు, ఇరుకు హాస్టళ్లు, ఆలస్యంగా అందే వైద్యం, ఈ మూడూ ఉన్నచోట దీనికి ఎదురుండదు. ధనిక దేశాల్లో దాదాపు కనుమరుగైన ఈ జబ్బు మన దేశంలో ఇంకా ఉంది. 2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. ఆరోగ్యశ్రీ కింద కవాటం మార్చే ఆపరేషన్ ఉచితంగా అయినా, ఆ తర్వాత బతుకంతా మందులు, పరీక్షలే.

గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. కాబట్టి పిల్లవాడికి మూడు, నాలుగు మార్కులు వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి వ్యవధి ఉంది. అర్ధరాత్రి ఎవరో ఒకరి చేత సూది వేయించుకోనక్కర్లేదు. పెన్సిలిన్ మాత్రలో, అమాక్సిసిలినో రాస్తారు, పది రోజులు వాడాలి. రెండో రోజుకు జ్వరం దిగుతుంది, మూడో రోజుకు పిల్లవాడు ఆడుకుంటాడు. మిగిలిన మాత్రలు అలమారలోకి పోయేది సరిగ్గా ఆ రోజే. ఇంటి పెద్ద ఓపిక పట్టవలసిన రోజు కూడా అదే. పదో రోజు దాకా వేయండి. అన్ని రోజులు వేయడం కుదరదనుకుంటే డాక్టరుతో ఆ మాట చెప్పండి, ఒకే ఒక్క బెంజథిన్ పెన్సిలిన్ సూదితో సరిపెట్టే మార్గం ఉంది. పెన్సిలిన్ పడనివాళ్లకు అజిత్రోమైసిన్ లాంటివి పనికొస్తాయి. ప్రతి గరగరకూ దాన్నే మింగేస్తే, కావలసిన రోజున అది పనిచేయకుండా పోతుంది.

మందు అట్ట వెనక నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదనే దానికి గుర్తు. దాని గురించి 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతా ప్రచారం చేసింది. ఎర్ర గీత ఉన్న మాత్రను చీటీ లేకుండా ఎవరిచ్చినా పుచ్చుకోకండి.

ఇక ఏఎస్ఓ పరీక్ష. రక్తంలో ఏఎస్ఓ పెరిగిందన్న కాగితం పట్టుకుని నెలల తరబడి సూదులు వేయించుకునేవాళ్లున్నారు. ఆ పరీక్ష చెప్పేది ఎప్పుడో ఒకప్పుడు స్ట్రెప్ సోకిందని మాత్రమే. కీళ్ల వాపు, గుండె సంబంధమైన లక్షణాలు ఉన్నప్పుడే దానికి విలువ.

ఆ వారంలో ఏం చేయాలి

ఉప్పు నీళ్లు అందరికీ తెలుసు, సరిగ్గా పుక్కిలించేవాళ్లు తక్కువ. పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు. నోరు కాలేంత వేడి వద్దు. ఒక గుక్క తీసుకుని, తల వెనక్కి వంచి, గొంతులో నీళ్లు గరగరమని తిరిగేలా కాసేపు పట్టి ఉంచి ఉమ్మేయాలి. గ్లాసు అయ్యేదాకా అలాగే. రోజుకు నాలుగైదు సార్లు. బుగ్గల్లో తిప్పి ఉమ్మేస్తే పళ్లు కడిగినట్టవుతుంది తప్ప గొంతుకు అందదు. ఆరేళ్లలోపు పిల్లలకు పుక్కిలించడం చేతకాదు, మింగేస్తారు, వాళ్లకు వద్దు.

నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. కల్లు, సారా ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగి వేసుకోవాలి. పిల్లల సిరప్ విషయంలో జాగ్రత్త. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములని ఉంటుంది, కొన్నిటి మీద 250 అని ఉంటుంది. పది కిలోల పిల్లవాడికి మొదటిదైతే ఒక పూటకు 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3 సరిపోతుంది. పక్కింటివాళ్లు చెప్పిన "ఒక మూత" రెండింట్లోనూ ఒకటి కాదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్‌ను ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ కూడా వద్దు.

దగ్గు సిరప్‌ల మీద ఇంకాస్త గట్టిగా చెప్పాలి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కోల్డ్‌రిఫ్ అనే సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది, మూత్రపిండాలు పాడైపోయాయి. వాళ్లలో చాలామందిని చివరికి తీసుకొచ్చింది నాగ్‌పూర్ ఆస్పత్రులకే, మన ఆదిలాబాద్ వాళ్లు పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే ఊరికే. ఆ తల్లిదండ్రులు కూడా మామూలు జలుబు, దగ్గు, జ్వరమని మందు పోసినవాళ్లే. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దనీ, అయిదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అవసరం ఉండదనీ కేంద్రం ఆ సమయంలో మళ్లీ చెప్పింది. జలుబు తగ్గాలని, దగ్గు ఆగాలని తొందరపడి సీసా మూత తీయకండి.

తేనె మంచిది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో ఉన్న అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, దగ్గు, గొంతు బాధల్లో తేనె మామూలు మందుల కన్నా మేలు చేస్తుందని తేల్చారు. మన అడవుల తేనె ఉన్న ఇంట్లో వేరే మందు వెతకనక్కర్లేదు. అర చెంచా నాలుక మీద వేసుకుని మెల్లగా మింగాలి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం ఒక్క చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఉండే ఒక బాక్టీరియా గింజలు పసిపేగుల్లో విషం పుట్టించి కండరాలను చచ్చుబడేస్తాయి.

జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం పసుపు పండే నేల. ఇక్కడ పసుపు పాలు తాగొద్దంటే ఎవరూ వినరు, నేనూ అనను. వెచ్చని పాలు గొంతుకు హాయినిస్తాయి, చిటికెడు పసుపు కీడు చేయదు. అయితే పసుపులోని సారం ఒంటికి పట్టేది చాలా తక్కువ. పాలు తాగాం గనక డాక్టరు అక్కర్లేదని మూడు మార్కుల గొంతును ఇంట్లో కూర్చోబెట్టవద్దు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం పాత అలవాటు. దాని వగరుకు లాలాజలం ఊరి, గొంతు తడిగా ఉంటుంది. మిరియాల చారు, శొంఠి కషాయం కూడా అంతే. 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న జిందా తిలిస్మాత్ సీసా లేని ఇల్లు తెలంగాణలో అరుదు. అందులో యూకలిప్టస్ నూనె, మెంథాల్, కర్పూరం ఉంటాయి. వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి ఆవిరి పడితే పెద్దవాళ్లకు ఊపిరి తేలికగా అనిపిస్తుంది. చంటిపిల్లల ముక్కుకు, నోటికి అలాంటివేవీ రాయకండి. ఆవిరి గిన్నెను పిల్లల ముందు పెట్టకండి, తొణికిన వేడినీళ్లతో కాలిన పిల్లలు గొంతు నొప్పి కన్నా ఎక్కువ బాధపడతారు.

"కొండనాలుక పడింది" అని కొందరు పిల్లల నడినెత్తి వెంట్రుకలు పట్టి లాగిస్తారు. ఉప్పు, మిరియాల పొడి అద్దిన వేలితో కొండనాలుకను పైకి నొక్కిస్తారు. వాచినప్పుడు అది కిందికి జారినట్టు కనిపించేది నిజమే, వాపు తగ్గితే అదే పైకి పోతుంది. గోళ్లు తగిలి పుండు పడితే, కడగని వేలితో కొత్త క్రిములు చేరితే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నిజమవుతుంది.

తిండికి పథ్యం పేరుతో పిల్లల్ని మాడ్చకండి. మింగగలిగింది ఏదైనా పెట్టవచ్చు. మెత్తటి జొన్న గటక పాలతో కలిపి, అంబలి, పప్పుచారు పోసి మెత్తగా పిసికిన అన్నం, అరటిపండు. పచ్చిపులుసు, పచ్చళ్లు, కారం నాలుగు రోజులు పక్కన పెట్టండి, మంట పెంచుతాయి. పెరుగు, సల్ల వల్ల గొంతు నొప్పి రాదు. చల్లటిది కొందరికి హాయిగా ఉంటుంది, వెచ్చటిది కొందరికి. నొచ్చే గొంతు ఏది కోరితే అది. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. మింగితే నొస్తుందని తాగడం మానేసిన పిల్లవాడికి మూత్రం తగ్గుతుంది, జ్వరం పెరిగినట్టుంటుంది. గుక్క గుక్కగా పట్టండి.

ఆ నాలుగు రోజులు గ్లాసు, తువ్వాల వేరుగా ఉంచండి. మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు ఎప్పటి నుంచో ఉంది, కల్లు మండువాలో, జాతరలో మాత్రం దాన్ని మరిచిపోతాం. పుష్యమాసపు చలిలో కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లి వచ్చాక ఊరంతా దగ్గితే ఆశ్చర్యం లేదు. 2020 మార్చిలో కరీంనగర్‌లో విదేశాల నుంచి వచ్చిన బృందానికి కరోనా తేలినప్పుడు ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య సిబ్బంది అడిగిన ప్రశ్నల్లో గొంతు నొప్పి ఒకటి. ఆ రోజుల్లో భయం కొద్దీ నేర్చుకున్న అలవాట్లు రెండు, మూతికి గుడ్డ, చేతులకు సబ్బు. గొంతు నొచ్చినప్పుడైనా వాటిని మళ్లీ బయటికి తీయండి.

జ్వరం లేని గొంతు నొప్పి

జ్వరం రాదు, మెడ బిళ్లలు ఉండవు, కానీ గొంతు ఎప్పుడూ గీరుకుపోయినట్టే ఉంటుంది. ఇలాంటివాళ్లు మన ప్రాంతంలో లెక్కలేనంత మంది. జిన్నింగ్ మిల్లు కూలీలు, క్వారీలో పనిచేసేవాళ్లు, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కున రోజంతా తంబాకు చాటను ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు, పొయ్యి ముందు పొగలో వండేవాళ్లు. వీళ్ల గొంతుకు పట్టింది క్రిమి కాదు, దుమ్ము. మాత్రతో పోదు. తడిపి పిండిన దస్తీని మూడు మడతలు పెట్టి ముక్కు, నోరు కప్పి కట్టుకోవడం, పని అయ్యాక ముక్కు కడుక్కుని పుక్కిలించడం, బీడీలు గాలి ఆడే చోట చుట్టడం, ఇవి ఖర్చు లేని పనులు. పొద్దున లేవగానే గొంతులో పులుపు, గరగర ఉంటే అది కడుపులోంచి ఎగదన్నే ఆమ్లం. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకోకండి, తలవైపు మంచం కోళ్ల కింద ఇటుక పెట్టండి.

గొంతుతో బతికేవాళ్లు వేరే. టీచర్లు, బస్సు కండక్టర్లు, యార్డులో వేలం పాడేవాళ్లు, రాత్రంతా కథ చెప్పే ఒగ్గు కళాకారులు. హన్మాజీపేట మిద్దె రాములు లాంటి కథకులను కన్న నేల ఇది. గొంతు బొంగురుపోతే అరవకండి, గుసగుసగా కూడా మాట్లాడకండి, దానివల్ల స్వరపేటిక ఇంకా బిగుసుకుంటుంది. రెండు రోజులు మౌనం, పక్కన నీళ్ల సీసా. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. బీడీ, గుట్కా, తంబాకు అలవాటున్నవాళ్లు ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు, ఎందుకంటే గొంతు క్యాన్సర్ మొదట కనిపించేది బొంగురుగానో, మానని నొప్పిగానో. మొదట్లో పట్టుకుంటే నయమవుతుంది.

టాన్సిళ్లు తీయించాలా అని చాలామంది అడుగుతారు. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా అయిదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు గట్టిగా వస్తేనే ఆలోచించాలి. అంతకు తక్కువైతే వయసుతో పాటు అవే కుదురుకుంటాయి.

గడువు ఇవ్వకూడని గొంతులు

ఉమ్మి మింగలేక చొంగ కారుతూ, ముందుకు వంగి కూర్చుని, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు వస్తున్న పిల్లవాడి నోట్లో చెంచా పెట్టకండి. పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. నోరు తెరవలేకపోవడం, మాట ముద్దముద్దగా రావడం, ఒక వైపే తీవ్రమైన నొప్పి ఉంటే చీము గడ్డ, అది కోసి తీస్తేనే పోతుంది. మెడ బిగుసుకున్నా, ఒంటి మీద దద్దు వచ్చినా, నీళ్లు కూడా దిగకపోయినా ఆ రోజే ఆస్పత్రికి. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ మాత్ర వాడుతున్నవారికి జ్వరంతో గొంతు నొస్తే ఆ మాత్ర ఆపి వెంటనే రక్త పరీక్ష చేయించుకోవాలి, తెల్ల కణాలు పడిపోయి ఉండవచ్చు. ఈ సంగతి ఆ మాత్ర వాడే చాలామందికి ఎవరూ చెప్పరు. క్యాన్సర్ మందులు వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. కరీంనగర్, రామగుండం, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పటిలా ప్రతిదానికీ హైదరాబాద్ బస్సెక్కే అవసరం తగ్గింది.

చివరగా ఆ బూడిద రంగు పొర. అది కంఠసర్పి, డిఫ్తీరియా. గొంతులో పొర పెరిగి ఊపిరికి అడ్డం పడుతుంది, మెడ ఉబ్బుతుంది, దాని విషం గుండెను, నరాలను పట్టుకుంటుంది. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, దీని విరుగుడు కనిపెట్టిన ఎమిల్ ఫాన్ బేరింగ్‌కే దక్కింది. అంత పాత జబ్బు, అంత పాత మందు. అయినా హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కంఠసర్పి పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఇది పసిపిల్లల్లోనే కాదు, బడి ఈడు దాటినవాళ్లలోనూ కనిపిస్తోంది. చిన్నప్పుడు వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, మళ్లీ గుర్తు చేసే సూది చాలామందికి పడదు.

కంఠసర్పిని ఆపే టీకాల వరుస ఇది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఒకసారి, అయిదారేళ్లకు ఒకసారి డీపీటీ. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. మొదటి మూడూ దాదాపు అందరికీ గుర్తుంటాయి, చివరి రెండూ మరుగున పడతాయి. మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ పుస్తకం పక్కన పెట్టి వాళ్ల టీకా కార్డు తీసి చూడండి. టీడీ దగ్గర గడి ఖాళీగా ఉంటే, వచ్చే బుధవారమో శనివారమో మీ ఊరి ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లండి. అది ఉచితం.